పిల్లలంత ఆట

బేస్‌బాల్ ఎన్నడూ ఆడని అమ్మానాన్నలు అమెరికా పార్కుల్లో అయిదారేళ్ల పిల్లల జట్లకి కోచ్‌లవుతున్నారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆటే కొత్త అయినవాళ్లు ఆట ఎలా నేర్పుతారు? తొలిసారి ఒక జట్టుని చేతిలోకి తీసుకున్న తండ్రి చెబుతున్న కథనం ఇది.

చలి తగ్గి గడ్డి పచ్చబడే వేళకి అమెరికాలో చిన్నపిల్లలున్న ఇళ్లకి స్థానిక లీగ్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. పిల్లలు పేర్లు ఇచ్చేశారు, టీషర్టులకి ఆర్డర్ వెళ్లిపోయింది, మైదానంలో వేళలు ఖరారయ్యాయి, ఒక జట్టుకి మాత్రం కోచ్ దొరకలేదు, ఎవరైనా వస్తారా అని అడిగే మెయిల్ అది. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో అలాంటి మెయిల్ చదివేవాళ్లలో ఇవాళ తెలుగు అమ్మానాన్నలు చాలామంది ఉంటారు. మా ఇంటికీ వచ్చింది. కోచ్ లేనిది మా అబ్బాయి ఉన్న జట్టుకే. నేను వస్తానని జవాబు రాశాను.

ఇది జీతం ఉన్న పని కాదు. పిల్లల బేస్‌బాల్ అక్కడ నడిచేదే స్వచ్ఛంద సేవ మీద. మైదానంలో సున్నం గీతలు గీసేవాళ్లు, ఆట మధ్యలో నీళ్లు అందించేవాళ్లు, జట్టుని నడిపేవాళ్లు అందరూ ఎవరో ఒక బిడ్డకి అమ్మో నాన్నో అయి ఉంటారు. పిల్లల బేస్‌బాల్ సంస్థ అయిన లిటిల్ లీగ్‌లో కోచ్ కావాలంటే దరఖాస్తు నింపాలి, నేర చరిత్ర తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లల రక్షణ గురించిన శిక్షణ పూర్తిచెయ్యాలి. ఈ ఆట మీరెప్పుడైనా ఆడారా అన్నదానికి మాత్రం అంత పట్టింపు ఉండదు.

ఆ పట్టింపు లేకపోవడం సబబే అని నా నమ్మకం. ఈ వయసు పిల్లల కోచ్‌కి పెద్ద పనులు రెండే. ఆటని పిల్లల కొలతకి తగ్గించడం ఒకటి. వచ్చే ఏడు కూడా ఆడతామని వాళ్లంతట వాళ్లే అడిగేలా చూడటం రెండోది. బంతి ఎంత దూరం వెళ్లిందన్నది వీటి తర్వాతి సంగతి.

విలియమ్స్‌పోర్ట్ కొలతలు

ఆటని తగ్గించడం కొత్త ఆలోచన కాదు. అసలు పిల్లల బేస్‌బాల్ పుట్టిందే అలా. 1938లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ అనే యువకుడు తన బంధువుల పిల్లలిద్దరితో పెరట్లో బంతి ఆడుతూ, పిల్లల కోసమే ఒక లీగ్ ఎందుకు ఉండకూడదని ఆలోచించాడు. పరుగు తీస్తూ వరసగా తాకాల్సిన నాలుగు చోట్లని బేస్‌లంటారు. పెద్దల మైదానంలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. పదేళ్ల పిల్లవాడు మూడో బేస్ దగ్గర నిలబడి విసిరితే బంతి మొదటి బేస్ దాకా చేరడమే కష్టం. స్టాట్జ్ తన చుట్టుపక్కల పిల్లల్నే పరిగెత్తించి, వాళ్ల చేతే బంతులు విసిరించి, వాళ్లకి సరిపోయే దూరం 60 అడుగులని తేల్చాడు. కొలబద్ద పెద్దల పుస్తకంలోది కాదు, ఆ పిల్లల కాళ్లూ చేతులే.

ఊళ్లో వ్యాపారుల దగ్గర సాయం అడిగి మూడు జట్లు కట్టాడు. 1939 జూన్ 6న జరిగిన తొలి మ్యాచ్‌లో లండీ లంబర్ జట్టు 23–8 తేడాతో లైకమింగ్ డెయిరీ జట్టుని ఓడించింది. కలప వ్యాపారి పేరుతో ఒకటి, పాల వ్యాపారి పేరుతో ఇంకొకటి అలా మొదలైన లిటిల్ లీగ్ ఇవాళ 80కి పైగా దేశాల్లో ఉంది. దాని ప్రపంచ పోటీలు ఏటా ఆగస్టులో సౌత్ విలియమ్స్‌పోర్ట్‌లో జరుగుతాయి.

అయితే స్టాట్జ్ కొలిచింది మగపిల్లల్ని మాత్రమే. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పెపీ అనే పన్నెండేళ్ల అమ్మాయి జట్టులో చేరి మూడు మ్యాచ్‌లు ఆడగానే, అమ్మాయిని ఆడిస్తే మీ ఊరి లీగ్ గుర్తింపు రద్దు చేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. ఒక మహిళా సంఘం ఆమె తరఫున న్యాయపోరాటం చేసింది. 1974లో తీర్పు అనుకూలంగా వచ్చి లిటిల్ లీగ్ తలుపులు ఆడపిల్లలకి తెరుచుకునేసరికి, మరియాకి ఆడే వయసు దాటిపోయింది. ఇవాళ న్యూజెర్సీ పార్కుల్లో రెండు జడలతో హెల్మెట్ పెట్టుకుని బ్యాట్ పట్టే ప్రతి తెలుగు అమ్మాయికీ ఆ హోబోకెన్ అమ్మాయి బాట వేసింది. ఆడపిల్లలున్న జట్టుకి కోచ్ అయ్యేవాళ్లకి ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

కదలని బంతితో మొదలు

అయిదేళ్ల బిడ్డకి ఆ 60 అడుగుల ఆట కూడా పెద్దదే. ఎదురుగా వచ్చే బంతిని చూసి, అంచనా వేసి, అదే క్షణంలో బ్యాట్ తిప్పడం ఆ కళ్లకీ చేతులకీ ఇంకా పట్టుబడదు. అందుకే టీ-బాల్. నడుము ఎత్తున నిలబడే రబ్బరు గొట్టం మీద బంతిని పెడతారు. ఆ గొట్టమే టీ. విసిరేవాళ్లు ఉండరు. బంతి కదలదు. పిల్ల తనకి కుదిరినప్పుడు కొట్టొచ్చు. లిటిల్ లీగ్‌లో ఇది నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్లకి. దాని తర్వాతి మెట్టులో కోచే మెల్లగా బంతి విసురుతారు. పిల్లలు పిల్లలకి విసిరేది ఆ తర్వాతే.

బిళ్ళంగోడు ఆడినవాళ్లకి, చిర్రాగోనె అని పిలిచినా సరే, ఈ వరస కొత్తగా ఉండదు. మనమూ నేల మీద నిలకడగా ఉన్న బిళ్ళతోనే మొదలుపెట్టాం కదా.

టీ-బాల్‌లో చాలా లీగులు స్కోరు రాయవు. ఒక్కో ఇన్నింగ్స్‌లో జట్టులోని పిల్లలందరికీ బ్యాటింగ్ వస్తుంది. చివరి బిడ్డ కొట్టాక జట్లు మారతాయి. ఔటైనవాడు మొహం వేలాడేసుకుని బెంచీ మీద కూర్చోవాల్సిన అవసరం ఉండదు. సెలవులకి ఇండియా నుంచి వచ్చి మడత కుర్చీల్లో కూర్చున్న తాతయ్యలు, అమ్మమ్మలు ‘ఎవరు గెలిచారురా?’ అని అడుగుతారు. ‘అందరం కొట్టాం తాతయ్యా’ అంటాడు మనవడు. అతనికి ఆ జవాబు చాలు. ఆ వయసుకి నిజంగానే చాలు.

క్రికెట్ చేతులకి కొత్త పాఠాలు

తెలుగు నాన్నలకి బ్యాటూ బంతీ కొత్తవి కావు. ఆ అనుభవం బంతిని చదవడంలో, క్యాచ్ పట్టడంలో, విసరడంలో పనికొస్తుంది. కొన్ని చోట్ల మాత్రం మన అలవాట్లని పక్కన పెట్టి నేర్పాలి.

క్రికెట్‌లో బ్యాట్ నేలకి దగ్గరగా మొదలవుతుంది. ఇక్కడ వెనక భుజం పక్కన పైకెత్తి పట్టుకోవాలి. దెబ్బకి బలం చేతులది మాత్రమే కాదు, నడుము తిరగడంలో ఉంది. క్రికెట్‌లో బంతిని నాలుగువైపులా ఎటైనా పంపొచ్చు. ఇక్కడ బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి రెండు వైపులా సాగే గీతల మధ్యే పడాలి. బంతి కొట్టాక పరుగు తీయాలా వద్దా అని ఆలోచించే వీలు క్రికెట్‌లో ఉంది. ఇక్కడ గీతల లోపల బంతి పడితే మొదటి బేస్‌కి పరిగెత్తాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా బ్యాట్‌ది. మనం బ్యాట్ పట్టుకునే పరిగెడతాం. ఇక్కడ బ్యాట్ కింద వదిలేసి పరిగెత్తాలి. అదీ విసిరెయ్యకూడదు, వదలాలి. ఉత్సాహంలో వెనక్కి విసిరిన బ్యాట్ పక్కవాడి మొహానికి తగలొచ్చు. అందుకని టీ పక్కనే నేల మీద ఒక రింగు పెట్టి, కొట్టాక బ్యాట్‌ని అందులో పడెయ్యమని నేర్పితే తొందరగా పట్టుబడుతుంది.

గ్లవ్ కూడా మనకి తికమకే. క్రికెట్‌లో ఫీల్డింగ్ చేసేవాళ్లలో వికెట్ కీపర్‌కి తప్ప ఎవరికీ గ్లవ్స్ ఉండవు. ఇక్కడ మైదానంలో ప్రతి ఒక్కరికీ ఒక గ్లవ్ ఉంటుంది, విసిరే చేతికి కాకుండా రెండో చేతికి. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమచేతికి. షాపుకి వెళ్లే ముందు బిడ్డ ఏ చేత్తో విసురుతుందో ఇంట్లో ఒక మెత్తటి బంతి ఇచ్చి చూడాలి. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని పెద్ద గ్లవ్ కొనడం మనిళ్లలో ఎక్కువ. కొత్త తోలు గట్టిగా ఉంటుంది, చిన్న చెయ్యి దాన్ని మూయలేదు. మూయలేని గ్లవ్‌లోంచి ప్రతి బంతీ జారిపోతుంటే, తనకి బంతి పట్టడం రాదని బిడ్డ నిర్ణయించేసుకుంటుంది.

గంట ప్రాక్టీసు, మూడు చోట్లు

తొలి ప్రాక్టీసు ఏ జట్టుకైనా ఒకేలా ఉంటుంది. ఒకడు గ్లవ్‌ని నెత్తిన పెట్టుకుంటాడు. ఒకమ్మాయి ఎర్రమట్టిలో పుల్లతో ముగ్గు వేస్తుంది. ఇద్దరు కుస్తీ పడతారు. బంతి దొర్లితే అన్ని వైపుల నుంచి అందరూ దాని మీద పడతారు. కొట్టిన పిల్ల మొదటి బేస్‌కి బదులు మూడో బేస్ వైపు పరిగెడుతుంది. పిల్లలు అల్లరివాళ్లని, మాట వినరని పెద్దలు విసుక్కునేది ఇక్కడే. అల్లరికి కారణం చాలాసార్లు పిల్లల్లో ఉండదు, మనం వాళ్లని నిలబెట్టిన తీరులో ఉంటుంది.

లెక్క చూడండి. పన్నెండుమంది పిల్లలు ఒకే వరసలో నిలబడి, ఒక్కొక్కరు రెండు నిమిషాల చొప్పున బ్యాట్ పట్టుకుంటే, ప్రతి బిడ్డా తన వంతు కోసం 22 నిమిషాలు ఆగాలి. అయిదేళ్ల ప్రాణానికి అది చాలా పెద్ద కాలం. ముగ్గు వెయ్యక ఏం చేస్తుంది?

ఆ పన్నెండుమందినీ నలుగురేసి మూడు గుంపులు చెయ్యండి. మూడు చోట్ల మూడు పనులు పెట్టండి. ఒక్కో చోట ఒక పెద్దమనిషి ఉండాలి. పది నిమిషాలకోసారి గుంపులు మారాలి. మైదానం అంచున కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రుల్ని పిలిస్తే కాదనేవాళ్లు అరుదు. మా జట్టుకి కొట్టిన బంతులు ఏరిచ్చింది చాలాసార్లు తాతయ్యలే.

మొదటి చోట బ్యాటింగ్. వలకి ఎదురుగా టీ పెట్టి తేలికైన ప్లాస్టిక్ బంతులు కొట్టించాలి. బంతి బిడ్డ ముందు కాలికి కాస్త ముందుగా ఉండేలా టీని నిలబెట్టాలి. మొదట్లో చాలామంది బంతికి బదులు కింది రబ్బరునే కొడతారు. చెప్పాల్సింది ఒక్కటే: ‘బంతినే చూడు.’ కాళ్లూ మోచేతులూ నడుమూ అన్నీ ఒకేసారి చెబితే బిడ్డ బిగుసుకుపోతుంది.

రెండో చోట విసరడం. కుడిచేత్తో విసిరేవాళ్లు ఎడమకాలు ముందుకి వేసి విసరాలి. మొదట్లో చాలామందికి కుడిచెయ్యీ కుడికాలూ కలిసే కదులుతాయి. నేల మీద సుద్దతో పాదం గుర్తు గీసి, దాని మీద అడుగు వేసి విసరమంటే మాటలతో పని తగ్గుతుంది. చిన్న చేతికి బంతి పెద్దది కాబట్టి, రెండు వేళ్లతో కాకుండా మూడు నాలుగు వేళ్లతో పట్టుకున్నా పర్వాలేదు.

మూడో చోట పట్టడం. ఇక్కడ అడ్డొచ్చేది భయం. మొహం మీదికి బంతి వస్తుంటే తల పక్కకి తిప్పడం సహజం. అందుకే ముందు బంతిని నేల మీద దొర్లించాలి. గ్లవ్ నేలకి ఆనించి, రెండో చెయ్యి పైనుంచి మూతలా వేయించడాన్ని అమెరికా కోచ్‌లు మొసలి నోరుగా చూపిస్తారు. పిల్లలకి ఎంతిష్టమో! ఆ తర్వాత మెత్తటి బంతిని కిందనుంచి మెల్లగా ఎగరెయ్యాలి. నడుముకి పైన వస్తే వేళ్లు ఆకాశం వైపు, కింద వస్తే నేల వైపు. భయం పోయాకే అసలు బంతి.

చివరి పది నిమిషాలూ పరుగు. కోచ్ ముందు, పిల్లలందరూ వెనక, మొదటి బేస్ మీదుగా మొదలుపెట్టి హోమ్ దాకా. నాలుగు బేస్‌ల వరస కాళ్లకి అలవాటవుతుంది. మొదటి బేస్ మీద ఆగిపోకుండా దాన్ని తొక్కి ముందుకి దూసుకెళ్లొచ్చని కూడా ఇక్కడే తెలుస్తుంది.

మ్యాచ్ రోజున కూడా ఇదే సూత్రం. ఈ వయసులో కొట్టిన బంతులు దూరం వెళ్లవు. బౌండరీ దగ్గర నిలబెట్టిన బిడ్డకి ఆట అంతా వేరేవాళ్లదే అనిపిస్తుంది. కాబట్టి వీలైనంతమందిని లోపలే నిలబెట్టి, ప్రతి ఇన్నింగ్స్‌కీ చోటు మార్చాలి. బాగా ఆడే నలుగురికే మంచి చోట్లు ఇస్తే, మిగతావాళ్లు ఆ సీజన్‌లో నేర్చుకునేది నిలబడటమే.

అమ్మ కాలు వదలని బిడ్డ ప్రతి జట్టులోనూ ఉంటుంది. మా జట్టులో అలాంటి ఒకబ్బాయికి బంతుల బకెట్ అప్పగించాం. వారం వారం బకెట్‌తో పాటు వాడూ టీకి దగ్గరగా జరిగాడు. ఒక శనివారం బకెట్ కింద పెట్టి తనే బ్యాట్ అడిగాడు. లాక్కొచ్చి నిలబెట్టి ఉంటే ఆ అడగడం ఉండేది కాదు.

సియాటిల్ పరిశోధన చెప్పింది

ఇదంతా గారాబం అనుకునేవాళ్ల కోసం ఒక ఆధారం. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లలో పిల్లల బేస్‌బాల్ మైదానాల పక్కన కూర్చుని కోచ్‌ల ప్రతి మాటనీ, చర్యనీ నమోదు చేయించారు. బిడ్డ తప్పు చేసినప్పుడు కోచ్ ఏం చేశారు, బాగా చేసినప్పుడు ఏమన్నారు, అసలు గమనించారా లేదా అన్నవన్నీ. తర్వాత పిల్లల్ని కలిసి మాట్లాడారు. పిల్లలకి కోచ్ నచ్చడానికీ జట్టు గెలుపోటములకీ పెద్దగా సంబంధం కనిపించలేదు. మెచ్చుకుని, తప్పు జరిగినప్పుడు ధైర్యం చెప్పి, ఎలా చెయ్యాలో చూపించిన కోచ్‌లు నచ్చారు.

ఆ అవగాహనతో వాళ్లు కోచ్‌లకి రెండున్నర గంటల చిన్న శిక్షణ తయారుచేశారు. 1992లో వెలువడిన ఒక అధ్యయనం, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్నీ పొందనివాళ్ల దగ్గర ఆడిన పిల్లల్నీ మరుసటి ఏడాది పోల్చి చూసింది. శిక్షణ లేని కోచ్‌ల జట్లలో 26 శాతం మంది ఆట మానేశారు. శిక్షణ ఉన్న కోచ్‌ల జట్లలో మానేసింది 5 శాతమే. గెలిచిన మ్యాచ్‌ల లెక్కలో మాత్రం రెండు వర్గాలకీ తేడా లేదు.

ఆ శిక్షణలో ఒక భాగం ఏ తల్లయినా తండ్రయినా ఇవాళే మొదలుపెట్టొచ్చు. తప్పు సరిదిద్దే ముందు బిడ్డ చేసిన మంచి పని ఒకటి చెప్పాలి, తర్వాత సూచన, చివర్లో ధైర్యం. ‘బంతి వెనక బాగా పరిగెత్తావు నాన్నా. ఈసారి గ్లవ్‌ని నేలకి ఆనించు. నీకు దొరుకుతుంది చూడు.’ మూడు చిన్న వాక్యాలు. మధ్యలోదే పాఠం. ముందూ వెనకా ఉన్నవి ఆ పాఠాన్ని బిడ్డ చెవిదాకా చేరుస్తాయి.

కోచే నాన్న అయితే

అన్నిటికన్నా కష్టమైన విద్యార్థి సొంత బిడ్డ. మైదానంలో నాన్న అందరివాడవుతాడు. అది ఆ బిడ్డకి మింగుడుపడదు. ‘నాన్నా, నాకే ముందు’ అని చొక్కా లాగుతాడు. పక్షపాతం అంటారేమోనని కొందరు తమ బిడ్డనే ఎక్కువ కసురుతారు, చివరి వంతు ఇస్తారు. అదీ అన్యాయమే. బ్యాటింగ్ వరసని ప్రతి వారం తిప్పుతూ కాగితం మీద రాసి డగౌట్‌లో అతికిస్తే, న్యాయం కోచ్ నోట్లో కాకుండా గోడ మీద ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో కారు తరగతి గది కాకూడదు. మ్యాచ్ అయిపోయాక వెనక సీట్లో కూర్చున్న బిడ్డకి ఏ బంతి ఎందుకు వదిలావో అడిగే నాన్న అక్కర్లేదు. ఆకలేస్తోందా అని అడిగే నాన్న కావాలి. బిడ్డ తనంతట తనే ఆట గురించి మొదలుపెడితే వినాలి. పరీక్ష రాసి బయటికి రాగానే ప్రశ్నపత్రం తీసుకుని ఎన్ని మార్కులొస్తాయో లెక్కేసే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. ఆ అలవాటు మన దగ్గరే ఆగిపోవాలి.

బాక్స్: మైదానంలోకి దిగే ముందు

బ్యాట్ పట్టినా, బేస్‌ల మధ్య పరిగెత్తినా తలకి హెల్మెట్ తప్పనిసరి.

ఒక సమయంలో ఒక్క బిడ్డ చేతిలోనే బ్యాట్. తర్వాతి వంతు వాళ్లు పక్కన నిలబడి బ్యాట్ తిప్పడాన్ని లిటిల్ లీగ్ ఈ వయసులో అనుమతించదు.

మెత్తటి బంతులే వాడాలి.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి అందరినీ లోపలికో కార్లలోకో పంపాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ మైదానం.

ఎండలో నీళ్ల విరామం పిల్లలు అడిగేదాకా ఆగకూడదు.

పెద్దయ్యాక బంతి విసిరే పిల్లల మోచేతికీ భుజానికీ రక్షణగా లిటిల్ లీగ్ రోజుకి ఇన్ని బంతులేనని పరిమితి పెట్టింది. ఏడెనిమిదేళ్ల వాళ్లకి 50, పదకొండు పన్నెండేళ్ల వాళ్లకి 85.

మన మైదానాలకీ ఇదే కొలత

ఈ పాఠం అమెరికాకీ బేస్‌బాల్‌కీ పరిమితమైంది కాదు. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో వేసవి క్రికెట్ శిబిరాలకి ఆరేళ్ల పిల్లలు వస్తారు. తమకన్నా బరువైన కిట్ మోసుకుంటూ వస్తారు. పెద్దలు ఆడే 22 గజాల పిచ్ మీద, గట్టి తోలు బంతి ముందు, పొడవాటి వరసలో నిలబడతారు. అంత దూరం నుంచి తోటి పిల్లవాడు వేసిన బంతి మూడుసార్లు నేల తాకి వస్తుంది, లేదా రానే రాదు. నాలుగు బంతులు ఆడి మళ్లీ వరస చివరికి వెళ్లేవాళ్లే ఎక్కువ. క్రికెట్ పుట్టిన ఇంగ్లండ్‌లో బోర్డే 2017 నుంచి అయిదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసం మెత్తటి బంతితో, ప్లాస్టిక్ బ్యాట్‌తో ప్రత్యేక కార్యక్రమం నడుపుతోంది. మనకి అడ్డొచ్చేది డబ్బు కాదు. టెన్నిస్ బంతీ, సుద్దముక్కా, ముగ్గురు పెద్దవాళ్లూ దొరకని ఊరు లేదు.

ఈ వేసవిలో బిడ్డని ఏ శిబిరంలోనైనా చేర్చే ముందు ఒక గంట గట్టున నిలబడి చూడండి. ఒక్కో బిడ్డ చేతికి బంతి ఎన్నిసార్లు వస్తోందో, ఎంతసేపు వరసలో నిలబడుతోందో లెక్కపెట్టండి. తప్పు చేసిన బిడ్డతో కోచ్ ఏం మాట్లాడుతున్నారో వినండి. ఆ శిబిరం నుంచి ఎంతమంది రాష్ట్ర జట్టుకి వెళ్లారని ఇప్పుడే అడగొద్దు. నిరుడు వచ్చిన ఆరేళ్ల వాళ్లలో ఎంతమంది ఈ ఏడు తిరిగొచ్చారని అడగండి. చిన్నపిల్లల కోచ్‌కి అసలు స్కోరు అదే.